పందెం కాదు, విద్య

మోచేయి బల్లమీద ఆనించి, ఎదుటివాని అరచేతిని పట్టుకొని, ఆ చేతిని బల్లకు వంచే ఆటకు తెలుగులో ఇంకా ఒక స్థిరమైన పేరు లేదు. ఊళ్ళలో ‘చేయి వంచే పందెం’ అంటారు. హిందీవారి ‘పంజా’ కొందరి నోట నలుగుతున్నది. చదువుకున్నవారు ‘ఆర్మ్ రెజ్లింగ్’ అంటారు. ఈ టపాలో నేను ‘చేతికుస్తీ’ అంటాను. ఇంతకన్న మంచి మాట మీలో ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

తెలుగు పండితునికి చేతికుస్తీతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ముప్పయి యేండ్లకు పైగా బడిలో గడిపినవాణ్ణి. చివరి బల్ల దగ్గర ఈ ఆట ఆడని తరగతిని నేను చూడలేదు. ఏ సామగ్రీ లేకుండా, ఎవరూ నేర్పకుండా, అన్ని ఊళ్ళ పిల్లలూ ఆడే ఆట ఇది. అయినా దీనిని ఆటగా లెక్కించినవారు అరుదు. ఎందుకు లెక్కించరు, లెక్కించాలంటే ఏమి చేయాలి అన్నదే నా విచారం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఆటకు కావలసినది మొదట ప్రచారం కాదు, బోధన.

మాటతోనే మొదలుపెడతాను, అది నా వృత్తి కనుక. మనం దీనిని పందెం అన్నాము. కోడిపందెం, ఎడ్లపందెం, చేయి వంచే పందెం. ‘పందెం’లో పోటీ ఉన్నది, పణమూ ఉన్నది. పణం ఉన్నచోట గెలుపోటములే మిగులుతాయి. ఎట్లా గెలిచాడన్నది ఎవరికీ పట్టదు. పూర్వులు మాత్రం ఇటువంటివాటిని విద్యలన్నారు. మల్లవిద్య అన్నారు, సాముగరిడీలన్నారు. బాహుయుద్ధానికి అమరకోశంలో ‘నియుద్ధం’ అని ప్రత్యేకంగా ఒక పేరున్నది. విరాటుని కొలువులో వలలుడుగా ఉన్న భీముడు మల్లునితో తలపడిన కథ మన భారతంలో ఎంత ఇష్టంగా చదువుకుంటామో చెప్పనక్కరలేదు. ఇక ‘వస్తాదు’ అనే మాట చూడండి. ఇది పారశీకం నుండి వచ్చిన ‘ఉస్తాద్’. అర్థం గురువు. తాలింఖానాలో కుర్రవాళ్ళకు దండీలు, బస్కీలు, పట్లు నేర్పినవాడు వస్తాదు. ఈనాడు అదే మాట మీసం మెలివేసి బెదిరించేవానికి ఎగతాళి పేరైపోయింది. గురువు అనే అర్థం జారిపోయి కండ అనే అర్థం మిగిలింది. చేతికుస్తీకి పట్టిన గతి కూడా సరిగా ఇదే.

‘బలమున్నవాడు గెలుస్తాడు, ఇందులో విద్య ఏమున్నది?’ అని అడిగేవారున్నారు. ఆట నియమాలు తెలియకపోవడం వలన వచ్చే ప్రశ్న ఇది. పోటీలలో వాడే బల్లమీద రెండు మోచేతులకు రెండు మెత్తలుంటాయి. చేయి వాలి తగలవలసిన చోట మరి రెండు మెత్తలుంటాయి. రెండవ చేతితో పట్టుకోవడానికి చెరియొక పిడి ఉంటుంది. భుజాలు బల్లకు సమంగా ఉండాలి. బొటనవేలి కణుపు న్యాయనిర్ణేతకు కనబడాలి. ఇద్దరికీ పట్టు కుదరకపోతే ఆయనే వారి చేతులను కలిపి పట్టు సరిచేస్తాడు. మోచేయి మెత్తను విడిచి లేస్తే తప్పు. రెండు తప్పులు చేస్తే ఓటమి. చేతులు జారి విడిపోతే పటకాతో కట్టి మళ్ళీ ఆడిస్తారు. కుడిచేతికీ ఎడమచేతికీ వేర్వేరు పోటీలు. బరువును బట్టి వర్గాలు.

ఈ నియమాల లోపల ఉపాయాలున్నాయి. మణికట్టును లోపలికి వంచి, ఎదుటివాని చేతిని తన వైపు లాక్కొని వంచడం ఒక పద్ధతి. దీనిని ‘హుక్’ అంటారు. మనం కొక్కెంపట్టు అనవచ్చు. ఎదుటివాని వేళ్ళమీదికి తన పట్టును ఎక్కించి, వాని మణికట్టును వెనక్కు తెరచి వంచడం మరొకటి. ‘టాప్‌రోల్’ అనే దీనిని పైమెలి అంటే సరిపోతుందని నా ఊహ. భుజాన్ని చేతి వెనుకకు తెచ్చి శరీరపు బరువుతో అదమడం మూడవది. ఇది అదుముపట్టు. జబ్బలు చూసి గెలుపెవరిదో చెప్పబోయినవాడు తరచు పొరబడతాడు. గెలుపు చాలావరకు మణికట్టులో, వేళ్ళలో, ముంజేతిలో ఉంటుంది. అమెరికాకు చెందిన జాన్ బ్రజెంక్ దశాబ్దాల పాటు తనకన్న ఎంతో బరువైనవారిని ఓడించాడు. ఆయన జీవనోపాధి విమానాల మరమ్మతు. లోకమంతా మెచ్చిన ఆటగాడు సైతం ఆటతో బ్రతకలేకపోయాడంటే ఈ ఆటకు దక్కిన గౌరవమెంతో తెలుస్తుంది.

ప్రచారం లేక ఇట్లా అయిందా అంటే, అదీ కాదు. 1952లో కాలిఫోర్నియాలోని పెటలూమా అనే చిన్న ఊళ్ళో, ఒక మద్యశాలలో, బిల్ సోబరానెస్ అనే పత్రికారచయిత ఈ పోటీని ఏర్పాటు చేశాడు. 1962 నాటికి అది ప్రపంచ పోటీ అనే పేరు పెట్టుకున్నది. తరువాత ఏబీసీ టెలివిజన్ వారి క్రీడా కార్యక్రమంలో ఏళ్ళ తరబడి ప్రసారమైంది. 1968లో ‘పీనట్స్’ బొమ్మలకథలో స్నూపీ అనే కుక్క కూడా ఆ పోటీకి బయలుదేరింది. బొటనవేలు లేదని దానిని అనర్హమన్నారు! 1987లో సిల్వెస్టర్ స్టాలోన్ కథానాయకుడుగా ‘ఓవర్ ది టాప్’ చలనచిత్రం వచ్చింది. ఇంత జరిగినా మద్యశాల వాసన పోలేదు. ఒలింపిక్ క్రీడలలో చోటు ఈనాటికీ దొరకలేదు. 2024 మార్చిలో ఘనా దేశపు అక్రాలో జరిగిన ఆఫ్రికా క్రీడలలో చేతికుస్తీ కనబడింది కాని, అటువంటి మెట్లు ఇంకా చాలా ఎక్కవలసి ఉన్నది. వేడుకగా చూసినవారు కోట్లమంది ఉంటే ఉండవచ్చు. వేడుక చూసినవాడు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతాడు. నేర్చుకున్నవాడే నిలబడి గౌరవిస్తాడు.

మన దేశంలోనూ ఇటీవల వెలుగు పడింది. పర్విన్ దబాస్, ప్రీతి ఝంగియానీ దంపతులు ‘ప్రో పంజా లీగ్’ను స్థాపించారు. ఈ ప్రీతి ఝంగియానీ మనవారికి ‘తమ్ముడు’, ‘నరసింహనాయుడు’ చిత్రాలతో పరిచితురాలే. 2023లో ఢిల్లీలో జరిగిన మొదటి లీగులో ఆరు జట్లున్నాయి. వాటిలో ‘కిరాక్ హైదరాబాద్’ ఒకటి. పేరు చూసి పండితుడు నొచ్చుకున్నా, హైదరాబాదు పాతబస్తీ నుడికారం అందులో ఉన్నదని ఒప్పుకోవాలి. ఆ జట్టు తుదిపోరు దాకా వచ్చి కొచ్చి జట్టు చేతిలో ఓడింది. స్త్రీలకూ వికలాంగులకూ అందులో చోటు కల్పించడం నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

ఎందుకు నచ్చిందో చెబుతాను. 1990 ప్రాంతంలో నేను పనిచేసిన ఒక బడిలో, పోలియో వలన ఒక కాలు చచ్చుబడిన కుర్రవాడు తొమ్మిదవ తరగతి చదివేవాడు. ఆటల పీరియడులో తక్కినవారు చెడుగుడుకో వాలీబాలుకో పోతే, వాడు వారి చొక్కాలకూ చెప్పులకూ కాపలా కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నాలవేళ మాత్రం చివరి బల్ల దగ్గర వాడే రాజు. చేతికర్ర మీద బరువు మోపి నడిచీ నడిచీ వాని ముంజేతులు ఉక్కుకడ్డీలయ్యాయి. పదవ తరగతి వాళ్ళు కూడా వరుసకట్టి వచ్చి వాని చేతిలో ఓడిపోయేవారు. కొంతకాలానికి వేరే ఇద్దరు పిల్లలు ఆడుకుంటుండగా ఒకనికి చేయి విరిగింది. మరునాటి ప్రార్థనలో ఈ ఆట నిషేధమని ప్రకటన వచ్చింది. చేయి ఎందుకు విరిగిందో, ఎట్లా విరగకుండా ఆడవచ్చునో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవారు ఆ బడిలో లేరు. నిషేధంతో ఎవరికీ నష్టం కలగలేదు, ఆ కుర్రవానికి తప్ప. వాడు మళ్ళీ చొక్కాల కాపలాకు పోయాడు.

ప్రమాదం నిజమే. దాచకూడదు. ఈ ఆటలో భుజానికీ మోచేతికీ నడుమనున్న ఎముక మెలితిరిగి విరిగే అవకాశమున్నది. ఎదుటివాని బలం చేతిని బయటికి తిప్పుతుండగా, మన కండరాలు దానిని లోపలికి పట్టి ఉంచుతుంటే, ఆ మెలి అంతా ఎముక మీద పడుతుంది. ఓడిపోతున్నవాడు చేతిని అక్కడే వదలి, భుజాన్నీ ముఖాన్నీ పక్కకు తిప్పుకున్నప్పుడు ఆ మెలి ఇంకా పెరుగుతుంది. చేతినీ భుజాన్నీ ఒకే వైపు నడపాలి, చూపు తన చేతి మీదే ఉండాలి, భుజం తిరిగిపోతుంటే పట్టు వదలి ఓటమి ఒప్పుకోవాలి. ఈ మూడు మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఇంకొక సంగతి. పద్నాలుగు, పదిహేనేండ్ల పిల్లలలో మోచేతి లోపలివైపు ఎముక ఇంకా పూర్తిగా అతుక్కొని ఉండదు. వారు పూర్తిబలంతో ఆడితే అక్కడి మొన ఊడిరావచ్చు. కనుక ఉన్నత పాఠశాలలో నియమాలూ పట్లూ మాత్రమే, బలం పెట్టకుండా నేర్పాలి. పోటీలు కళాశాల వయస్సులో పెట్టాలి. నిషేధం కన్న ఇది కష్టమైన దారి. కాని నిషేధం చేతికుస్తీని ఆపదు. ఉపాధ్యాయుని కంటికి కనబడని చోటికి పంపుతుంది, అంతే.

చెడుగుడు చరిత్ర ఈ విషయంలో మనకు మంచి పాఠం. 2014లో ప్రో కబడ్డీ లీగు వచ్చి, ‘తెలుగు టైటన్స్’ జట్టు కనబడగానే, టెలివిజనే కబడ్డీని నిలబెట్టిందని అందరూ అనుకున్నారు. అఖిల భారత సమాఖ్య 1950లోనే ఏర్పడింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో పతకపు ఆటగా ప్రవేశించింది. అంతకు ముందూ తరువాతా వేలాది బళ్ళలో వ్యాయామోపాధ్యాయులు సున్నంతో గీతలు గీసి, ఈల వేసి, నియమం చెప్పి ఆడించారు. టెలివిజన్ వచ్చేనాటికి ఆటను అర్థం చేసుకోగల ప్రేక్షకుడు తయారై ఉన్నాడు. చేతికుస్తీకి లీగు ముందు వచ్చింది. ఈల వేసే మాస్టారు ఇంకా రాలేదు.

ఉత్తరాంధ్రను చూడండి. అక్కడి ఊళ్ళలో సంగిడి రాళ్ళెత్తడం పాత వాడుక. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తిగారి బలప్రదర్శనలు దేశమంతా చెప్పుకున్నారు. ఆ శ్రీకాకుళం నేల నుండే వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యపతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. బరువులెత్తడం మోటుపని అనే మాట ఆనాటితో వెనకపడింది. రాయికీ పతకానికీ నడుమ ఉన్నది శిక్షణ, కొలత, నియమం. చేతికుస్తీకీ అవే కావాలి.

కనుక నా సూచనలు నాలుగు. మొదటిది, ఆటగాళ్ళకన్న ముందు న్యాయనిర్ణేతలను తయారు చేయాలి. వ్యాయామోపాధ్యాయుల శిక్షణలో దీనికి రెండు రోజులు కేటాయిస్తే చాలు. రెండవది, ప్రతి జూనియర్ కళాశాలకూ నియమానుసారమైన బల్ల ఒకటి ఉండాలి. మైదానమే లేని అద్దె మేడలలో ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలకు, నాలుగడుగుల చోటులో ఆడగల ఆట ఇంతకన్న మరొకటి లేదు. ఆడపిల్లల పోటీలూ వికలాంగుల పోటీలూ ఆ బల్లమీదే, అదే రోజున జరగాలి. వేరే రోజున, ఖాళీ కుర్చీల ముందు కాదు. మూడవది, సంక్రాంతి సంబరాలలో చేతికుస్తీ పెట్టేవారు పణం లేకుండా పెట్టాలి. నాలుగవది, నిర్వాహకుల ఐకమత్యం. ఇటీవలి సంవత్సరాలలో ప్రపంచ సంస్థ ఒకటి రెండైంది. మన దేశంలోనూ ఒకటికి మించిన సంఘాలు ఈ ఆట పేరు చెప్పుకుంటున్నాయి. ఎవరి పోటీ నిజమైన జాతీయ పోటీయో తెలియనప్పుడు, పతకం గెలిచిన పిల్లవాడు దానిని ఉద్యోగానికో సీటుకో చూపలేడు. పెద్దల తగవుకు పిల్లవాని చెమట బలికాకూడదు.

‘మూడు సెకన్లలో ముగిసే ఆటలో చూడడానికి ఏమున్నది?’ అనే ఆక్షేపణ కూడా విన్నాను. నూరు మీటర్ల పరుగు పది సెకన్లలో ముగుస్తుంది, లోకమంతా చూస్తుంది. చూపు ఎక్కడ నిలపాలో తెలిస్తే చాలు. ఈసారి ఎక్కడైనా చేతికుస్తీ చూస్తే జబ్బలను చూడకండి, మణికట్లను చూడండి. ఎవరి మణికట్టు ముందు వెనక్కు తెరుచుకుంటుందో, సాధారణంగా వాడే ఓడిపోతాడు. ఇది తెలిసిన క్షణంలో మీరు వేడుక చూసేవారు కారు, ఆట చూసేవారు.

ఇక బ్లాగ్మిత్రులకు ఒక విన్నపం. మీమీ ఊళ్ళలో ఈ ఆటను ఏమంటారో, పట్లకు ఏమి పేర్లున్నాయో తెలియజేయండి. నేను పైన కల్పించిన కొక్కెంపట్టు, పైమెలి, అదుముపట్టు అనే మాటలకన్న, ఏ నేతన్న నోటనో ఏ కమ్మరి నోటనో పుట్టిన మాట తప్పక మేలైనదై ఉంటుంది. అవన్నీ ఒకచోట చేర్చి, నియమాలతో కలిపి తేలిక తెలుగులో నాలుగు పేజీల చిన్న పుస్తకం వ్రాయాలని సంకల్పించాను. ఏ బడికైనా ఉచితంగా పంపుతాను.