కుక్కపిల్లను తెచ్చే ముందు

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలున్న ఇళ్ళలో ఒక పేచీ మొదలవుతుంది. కుక్కపిల్ల కావాలని. పది రోజులు కుదరదన్న తండ్రి పదకొండో రోజున ఒక అట్టపెట్టెతో ఇంటికి వస్తాడు. ఆ సాయంత్రమే దానికి పేరు పెట్టడం, మెడకు రిబ్బను కట్టడం అయిపోతాయి. పాలు పోయడానికి పనికిరాని గిన్నె ఏదైనా ఉందా అని అప్పుడు వంటింట్లో వెతుకులాట మొదలవుతుంది.

కుక్కను పెంచుకోవద్దని నేను చెప్పను. కాని ఓపీలో కుక్కకాటు కేసులు చూసే డాక్టరుగా, గిన్నె కంటే, గొలుసు కంటే ముందు సిద్ధం చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయని చెప్పాలి.

మొదటిది, పిల్ల వయసు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయకండి. ఇచ్చేవారిని రెండు ప్రశ్నలు అడగండి. తల్లికి రేబీస్ టీకా వేయించారా? పిల్లకు నులిపురుగుల మందు పట్టించారా? కాగితం ఉంటే తీసుకోండి. పిల్ల ఇంటికి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పశువుల ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. రేబీస్ టీకా మూడో నెల నిండాక వేస్తారు. తరువాత పశువైద్యుడు చెప్పిన గడువుకు మళ్ళీ వేయించాలి.

ఇక్కడే చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. మూడో నెలలో టీకా వేసినా అది పూర్తిగా పనిచేయడానికి మరో మూడు నాలుగు వారాలు పడుతుంది. అంటే ఇంట్లో పిల్లలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేసే రోజుల్లోనే దానికి రక్షణ లేదు. పైగా రేబీస్ క్రిమి ఒంట్లో ప్రవేశించాక జబ్బు బయటపడడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టవచ్చు. ఇంటికి తెచ్చిన రోజున చలాకీగా గెంతిన పిల్లకు నెల తరువాత జబ్బు రావచ్చు.

కొన్నేళ్ళ క్రితం నేనొక చిన్న పట్టణంలో పనిచేస్తుండగా ఒక కుటుంబమంతా ఓపీకి వచ్చింది. వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చుకున్నారు. మూడో వారంలో అది తిండి మానేసి, మంచం కింద దాక్కుని, అందినదాన్నల్లా కొరకసాగింది. పళ్ళు వస్తున్నాయి కాబట్టి కొరుకుతోందని సరిపెట్టుకున్నారు. నాలుగో రోజున చచ్చిపోయింది. ఆ ఇంటి నాయనమ్మకు అనుమానం వచ్చి, మర్నాటి పొద్దున్నే అందరినీ బయలుదేరదీసింది. ఇంట్లో ఐదుగురికి, ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లలు ముగ్గురికి టీకాలు వేశాం. అందరూ బాగున్నారు. జలభయం లక్షణాలు కనిపించాక వచ్చి ఉంటే ఏ డాక్టరూ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

కాబట్టి పాలపళ్ళ గాటు కూడా గాటే. చర్మం మీద గీత పడినా, నెత్తురు వచ్చినా, పుండు మీద నాకినా వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకునే కడగండి; పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికంటే ఎక్కువ సేపు. తరువాత అయోడిన్ మందు రాయవచ్చు. సున్నం, కారం, కాఫీపొడి, పసరు పెట్టకండి. కట్టు కట్టకండి. అదే రోజు ఆస్పత్రికి రండి. నెత్తురు వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ, లోపల ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమంటారు, నిజమే. కాని అది టీకా మొదలుపెట్టాక చేసే పని, టీకా మానుకోవడానికి సాకు కాదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడి ఇప్పటికీ ఆలస్యం చేసేవారున్నారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకా వాడకం మన దేశంలో 2004 చివరికల్లా ఆగిపోయింది. ఇప్పటివి చేతికి వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కిస్తే, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో డబ్బు తీసుకోరు. గర్భిణులకు, చంటిపిల్లలకు కూడా వేయవచ్చు.

ఇక పురుగుల సంగతి. కుక్కపిల్లలకు ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే వస్తాయి. వాటి గుడ్లు మలంతో మట్టిలో చేరి, కొన్ని వారాల్లో అంటుకునే స్థితికి వస్తాయి. మట్టిలో ఆడి చేతులు కడుక్కోని పిల్లల కడుపులోకి పోయి, కాలేయానికి, అరుదుగా కంటికి చేరతాయి. అందుచేత మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తివేయాలి. మందు పశువైద్యుడు చెప్పిన ప్రకారం, మొదట్లో రెండు వారాలకొకసారి, పిదప ఆరో నెల వరకు నెలకొకసారి పట్టించాలి. గర్భిణులు కుక్కకు దూరంగా ఉండాలా అని కొందరు అడుగుతారు. వారు విన్న టాక్సోప్లాస్మా జబ్బు పిల్లుల మలం వల్ల వచ్చేది. కుక్కకు దాంతో సంబంధం పెట్టనక్కరలేదు.

ఇంట్లో చోటు వంటగదికి దూరంగా చూడండి. పాత దుప్పటి, గోనెపట్టా చాలు. నేల మీద పాకే కరెంటు తీగలు, ఎలుకల మందు, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు, మన మాత్రలు దానికి అందకుండా పైకెత్తండి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ మీరే వేయకండి. సంపు మూత సరిచూడండి. ఏడాది లోపల ఆ ఇంట్లో కుక్కపిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో చనిపోయి ఉంటే, టీకాలన్నీ పూర్తికాని పిల్లను తేకండి. పార్వో క్రిమి నెలల తరబడి నేలలో ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, శుభ్రంగా కడిగిన నేల మీద పది నిమిషాలు నిలవనివ్వాలి.

మన ఇళ్ళలో కుక్కకు పాలన్నం, పెరుగన్నం పెట్టి తృప్తిపడతారు. ఎదిగే పిల్లకు ఆ మాత్రం మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన మాంసం, లేదా కుక్కపిల్లల కోసమే అమ్మే ఆహారం రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. ఆవుపాలు కొన్నిటికి విరేచనాలు తెస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషాలు. పచ్చి పేగులు, కార్జం పెట్టకండి. వాటిలోని బద్దెపురుగు తిత్తులు కుక్క ద్వారా మనిషి కాలేయానికి చేరగలవు. విజయవాడ ఎండల్లో దట్టమైన బొచ్చు ఉన్న చలిదేశపు జాతిని తెచ్చుకుని, దానికోసం ఏసీ కొనేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది, ఎక్కువగా కుక్క మీద.

తొలి రెండు మూడు రాత్రులు అది ఏడుస్తుంది. తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చి పక్కలో వేయండి. మీ పిల్లల పక్కమీదికి మాత్రం ఎక్కించకండి.