పాటల పందిరి: మోతలో మాట వినబడాలంటే...

గుంటూరు నుంచి ఓ ఇంజనీరింగు కుర్రాడు మూడు పేజీల ఉత్తరం రాశాడు. కాలేజీ వార్షికోత్సవంలో వీళ్ళ బ్యాండు ‘రాక్‌స్టార్’ (2011) సినిమాలోని ‘సాడా హక్’ వాయించిందట. రహమాన్ బాణీ, ఒరియాంతి గిటారు... కుర్రాళ్ళు ఎత్తుకున్నది చిన్న బరువేం కాదు! ఇంట్లో సింహగర్జనలా ఉన్న గిటారు, స్టేజి ఎక్కేసరికి పిండిమర అయి కూర్చుందట. ఏ తీగ మోగుతోందో తెలియదు, ఏ కార్డు పట్టాడో తెలియదు, ఒకటే ఘూర్ణిల్లడం. పాడిన అమ్మాయి కిందికి దిగి, “నా గొంతు నాకే వినబడలేదు. వచ్చే నెల ప్రోగ్రాంకి ఇంకెవర్నన్నా చూసుకోండి” అనేసిందట. షాపు ఆయనేమో పికప్పులు రెండూ మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది అన్నాడట. “నాన్నగారిని అడిగే ధైర్యం లేదు. గిటారు అమ్మేయమంటారా?” అని చివర్లో ఒక ప్రశ్న.

ఆగు తమ్ముడూ! అమ్మకు. కొనకు. ముందు ఒక స్క్రూ డ్రైవరు, ఒక ప్లాస్టిక్ స్కేలు తెచ్చి పక్కన పెట్టుకో.

గిటారు లేని పాఠకుల కోసం ఒక్క మాట. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద నల్లగానో, మెరుస్తూనో ఉండే పెట్టెలే పికప్పులు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ అదిరితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది. అంతే కిటుకు. (మన సినిమాల్లో కొండ మీద నిలబడి ఎలక్ట్రిక్ గిటారు వాయించే హీరోగారికి వైరూ ఉండదు, యాంప్లిఫయరూ ఉండదు. ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ కొండకే తెలియాలి!) ఒకే చుట్ట ఉన్న పికప్పయితే కరెంటు లైన్ల గుంయ్ అనే రొద కూడా పట్టేస్తుంది. రెండు చుట్టలు ఎదురెదురుగా చుట్టి, అయస్కాంతాల దిక్కు కూడా తిప్పి పెడితే రొదకు రొద కొట్టుకుపోయి పాట మిగులుతుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టిన ఈ ‘హంబకర్’ 1957 నుంచి గిటార్లలోకి వచ్చింది. నీ గిటారులో ఉన్నవి ఆ రకానివే అన్నావు. మంచిది.

ఇంతకీ గర్జన ముద్దగా ఎందుకయింది? యాంప్లిఫయరు గెయిను బాగా పెంచితే అది మోయగలిగిన దానికన్నా పెద్ద అల వస్తుంది. అప్పుడు అల నెత్తీ అడుగూ తెగిపోతాయి. ఆ తెగడంలోనే గర్జన పుడుతుంది. కానీ రెండు స్వరాలు ఒకేసారి తెగితే, అడగని చుట్టాల్లా కొత్త స్వరాలు దిగుతాయి... రెండింటి మొత్తమూ, రెండింటి తేడా. సా, పా కలిపి మీటావనుకో. సా 110 హెర్ట్జ్ అయితే పా 165. తేడా 55, అంటే కింది స్థాయి సా. చుట్టం మనవాడే! అందుకే రాక్ వాళ్ళు ఈ రెండు స్వరాల ‘పవర్ కార్డు’ పట్టుకు వేళ్ళాడతారు. మన తంబూరా కూడా సా, పాల మీదే నిలబడింది కదూ. అదే సా, అంతర గాంధారం కలిపి మీటితే 110, 138.6. తేడా 28.6. అది ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు. ఇలాంటివి ఇంకా బోలెడు పుట్టి ఒకదానితో ఒకటి తగాదా పడతాయి. నువ్వు ఆరు తీగల నిండు కార్డులు వాయించానని రాశావు చూడు, ముద్దకి సగం పిండి అక్కడే కలిపావు. గెయిను ఎక్కువున్న చోట రెండు మూడు తీగలు చాలు.

మిగతా సగం పిండి మంద్రంలో ఉంది. బాస్ ఎంత ఎక్కువగా గెయినులోకి వెళితే అంత ముద్ద. కాబట్టి మంద్రాన్ని గెయిను ముందే తగ్గించి, కావాలంటే తరవాత పెంచుకోవాలి. ఈ వరుస గుర్తుంటే చాలు. ఇప్పుడు స్క్రూ డ్రైవరు పట్టు.

పికప్పుకి అటూ ఇటూ రెండు మరలుంటాయి. సాధారణంగా కుడివైపు తిప్పితే పికప్పు లేస్తుంది, ఎడమవైపు తిప్పితే దిగుతుంది. చిట్టచివరి మెట్టు దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగ అడుగుకీ పికప్పు ఇనుప మరకీ మధ్య సందు చూడు. బ్రిడ్జి దగ్గరి దానికి 1.6 మి.మీ., మెడ దగ్గరి దానికి 2.4 మి.మీ. దగ్గర మొదలుపెట్టు. మెడ దగ్గర తీగ ఎక్కువ ఊగుతుంది, అందుకే అది కిందికుండాలి. స్టీలు స్కేలు మాత్రం వద్దు, అయస్కాంతం లాగేసుకుని కొలత తప్పుతుంది. తరవాత లావు తీగల వైపు మరను అర చుట్టు దించు, విను. మళ్ళీ అర చుట్టు దించు, విను. ఒక చోటికి వచ్చేసరికి లావు తీగల బుసబుస తగ్గి, మీటు పడిన చప్పుడు ‘టక్’మని విడిగా వినిపిస్తుంది. అక్కడ ఆగు. చప్పుడు మొత్తమ్మీద కాస్త తగ్గుతుంది, కంగారుపడకు. అది యాంప్లిఫయరులో పెంచుకునేదే.

దగ్గరికి జరిపితే బలం వస్తుందని అందరికీ ఓ భ్రమ. నాకూ ఉండేది. ఒకప్పుడు ఒంటిచుట్ట పికప్పుల గిటారు ఒకటి చేతికొస్తే మూడింటినీ తీగలకు తగిలేంత పైకి లేపేశాను. ఆ సాయంత్రమంతా శ్రుతి చేస్తూనే ఉన్నాను. పై మెట్ల మీద ఒకే తీగ రెండు శ్రుతులు పలుకుతోంది! తీగలు పాతబడ్డాయనుకుని కొత్త సెట్టు వేశాను. అదే పాట. తీరా చూస్తే అయస్కాంతం తీగను కిందికి గుంజుతోంది, పాపం అది స్వేచ్ఛగా ఊగలేక ఏడుస్తోంది. మరలు నాలుగు చుట్లు దించితే ఏడుపు మానింది. తీగల సెట్టు డబ్బులు గంగపాలు. హంబకర్లకి ఈ జబ్బు కొంచెం తక్కువ, అయినా లేకపోలేదు.

ఇక నాబ్‌ల సంగతి. చాలామంది కుర్రాళ్ళు వాల్యూమూ టోనూ రెండూ 10 మీద పెట్టి, జీవితంలో మళ్ళీ వాటి జోలికి పోరు. వాల్యూము 7కి తగ్గించి చూడు. లోపలికెళ్ళే అల చిన్నదవుతుంది, తెగడం తగ్గుతుంది, మాట స్పష్టమవుతుంది. పాటకి చరణం ఉన్నంతసేపూ అక్కడే ఉండి, సోలోకి 10 చెయ్యి. చాలా గిటార్లలో వాల్యూము తగ్గిస్తే తళుకు కూడా తగ్గుతుంది. కేబులు పొడుగు పెరిగిన కొద్దీ ఇది ఎక్కువ. దానికి మందు, వాల్యూము నాబ్ కాళ్ళ మధ్య 1 నానోఫారడ్ కెపాసిటరు, పక్కన 150 కిలో ఓముల రెసిస్టరు. రేడియో రిపేరు చేసే ఆయన టంకం పెట్టగలడు. సామాను ఖర్చు ఓ సినిమా టిక్కెట్టు కూడా కాదు. పనిలో పనిగా నాబ్‌ల కింది పాట్ల విలువ కూడా చూడమను. హంబకర్లకి 500 కిలో ఓములు ఉండటం రివాజు. 250 గనక వేసి ఉంటే పై స్వరాల మీద దుప్పటి కప్పినట్టే. ఒంటిచుట్ట వాళ్ళకి 250యే రివాజు, వాళ్ళు మార్చక్కర్లేదు.

టోను నాబ్ చేసేదల్లా పై స్వరాలను కెపాసిటరు ద్వారా నేలపాలు చెయ్యడం. హంబకరుకి 0.022 మైక్రోఫారడ్ మామూలు. 0.047 వేస్తే, తిప్పగానే మరీ ఎక్కువ మూసుకుపోతుంది. నాబ్ 10 మీదే ఉంటే ఈ విలువకి పెద్ద తేడా ఉండదు, కాబట్టి ఎవరో ఖరీదైన కెపాసిటరు అమ్మజూపితే నవ్వి ఊరుకో. అలాగని టోను మూసెయ్యడం పాపమేం కాదు సుమా. ఎరిక్ క్లాప్టన్ 1960లలో క్రీమ్ బ్యాండులో ఉండగా టోను బాగా మూసి, గెయిను పెంచి, వయొలినులా తియ్యగా సోలోలు పలికించాడు. దానికి ‘ఉమన్ టోన్’ అని పేరే పడిపోయింది. అటు చూస్తే ఎడ్డీ వాన్ హేలెన్ 1978 నాటి గిటారుకి పనిచేసే పికప్పు ఒక్కటే, నాబ్ కూడా ఒక్కటే. అది వాల్యూముదే అయినా దాని మీద ‘టోన్’ అని రాసి ఉండేది. భలే కొంటెవాడు! పికప్పు కీచుమనకుండా కరిగించిన పారఫిన్ మైనంలో ముంచేవాడు కూడా. నువ్వు ఇంట్లో ఆ ప్రయత్నం చెయ్యకు. మైనం వేడెక్కితే పికప్పు పోతుంది, అంటుకుంటే ఇల్లే పోతుంది.

చివరిగా యాంప్లిఫయరు. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే బాస్ పెంచి, మిడిల్ పూర్తిగా తగ్గిస్తే భలే ఉంటుంది. స్టేజి మీద ఆ బాస్ బాస్ గిటారు వాడిది, ఆ పై తళుకు తాళాల వాడిది. మధ్యలో నీకు మిగిలిన చోటే మిడిల్, దాన్నే నువ్వు తీసేశావు! మిడిల్ సగం పైన, బాస్ సగానికి తక్కువ, గెయిను ఇంట్లో పెట్టే దాంట్లో మూడొంతులు. నీ దగ్గర ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ ఉందన్నావు. డ్రైవు తగ్గించి, లెవలు పెంచి, యాంప్లిఫయరు ముందు పెట్టు. ఆ రకం పెడళ్ళ లోపల సుమారు 720 హెర్ట్జ్ కింద గెయిను తగ్గుతూ పోతుంది. మంద్రాన్ని గెయిను ముందే తగ్గించాలన్నాను కదా, ఆ పని అదే చేసిపెడుతుంది.

ఇదంతా అయ్యాక బ్యాండు అందరూ కూడి వాయిస్తుండగా, ఆ అమ్మాయిని పాడకుండా హాలు చివరి వరుసలో నిలబెట్టి, మైకు ఇంకెవరికైనా ఇచ్చి ఒక చరణం పాడించు. మాటలు తెలియడంలేదని ఆ అమ్మాయి చెయ్యి ఊపితే గెయిను ఇంకో గీత తగ్గించు. ఊపడం మానేదాకా తగ్గించు. తరవాత ఆ మైకు తీసుకెళ్ళి ఆ అమ్మాయికే ఇచ్చి, ఏమందో నాకు ఉత్తరం రాయి.