అవతార్ కాలేజీకి వెళ్తోంది, మరి అమ్మాయి?



మన మొహల్లాల్లో ఈ మధ్య ఒక కొత్త బహానా వినిపిస్తోంది. ఇంటర్ పాసైన అమ్మాయిని డిగ్రీకి ఎందుకు పంపలేదని అడిగితే ఇదివరకు "దూరం", "బస్సులు సరిగా లేవు", "జమానా బాగోలేదు" అనేవారు. ఇప్పుడు మాట మారింది. "అన్నీ ఆన్‌లైన్లోనే ఉన్నాయి కదా భాయ్. కాలేజీకి కాలేజీ, ల్యాబుకి ల్యాబు కంప్యూటర్లోకి వచ్చేశాయట. ఇంట్లోనే కూర్చుని చదువుకుంటుంది" అంటున్నారు. విజయనగరంలో బట్టల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి నాతో అచ్చంగా ఈ మాటే అన్నారు. ఆయన తాలీమ్‌కి దుష్మన్ కాదు. కూతురు చదవాలన్న శౌఖ్ ఉన్నవారే. అందుకే దీనికి జవాబు గుస్సాతో కాకుండా తఫ్సీల్‌గా చెప్పాలనిపించింది.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. కంప్యూటర్‌లో కట్టిన ఈ కొత్త దునియా మంచిదే, మన పిల్లలకు చాలా పనికొస్తుంది. కానీ అది కాలేజీకి వెళ్తున్న బిడ్డకు ఇంకో దర్వాజా కావాలి. కాలేజీ మాన్పించిన బిడ్డ చుట్టూ కట్టిన గోడ కాకూడదు.

అసలు ఈ వర్చువల్ ప్రపంచం అంటే ఏమిటో చూద్దాం. జూమ్‌లో పాఠం వినడం వేరు, ఇది వేరు. ఇందులో మన బదులు ఒక బొమ్మ మనిషి ఉంటాడు. దాన్ని అవతార్ అంటారు. ఆ అవతార్ నడుస్తుంది, పక్కవాళ్లతో మాట్లాడుతుంది, క్లాసులో కూర్చుంటుంది, చెయ్యెత్తి సవాల్ అడుగుతుంది. అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో సెకండ్ లైఫ్ పేరుతో ఇలాంటి దునియా తెరిచింది. కొన్నేళ్లలోనే పెద్ద పెద్ద యూనివర్సిటీలు అందులో "జమీన్" కొని క్లాసు గదులు, లైబ్రరీలు, మ్యూజియంలు కట్టుకున్నాయి.

మన దేశంలోనూ దీని నమూనా చూశాం. కరోనా రోజుల్లో, 2020 ఆగస్టులో, ఐఐటీ బొంబాయి తన కాన్వొకేషన్‌ను ఇలాగే జరిపింది. విద్యార్థి అవతార్ స్టేజీ ఎక్కితే, డైరెక్టర్ అవతార్ డిగ్రీ చేతికిచ్చింది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అమ్మీ అబ్బాలు ఆ బొమ్మను చూసి కళ్లు తుడుచుకున్నారంటే నేను నమ్ముతాను. ఖుషీ నిజమైందే. కానీ ఒక సంగతి మరచిపోవద్దు. ఆ పిల్లలంతా అంతకుముందు ఏళ్ల తరబడి క్యాంపస్‌లో ఉండి, హాస్టల్ మెస్‌లో తిని, నిజమైన ల్యాబుల్లో చేతులు కాల్చుకుని చదివినవాళ్లే. వర్చువల్‌గా జరిగింది చివరి జల్సా మాత్రమే.

అమెరికాలోని అట్లాంటాలో మోర్‌హౌస్ కాలేజీ ఉంది. నల్లజాతి యువకుల చదువు కోసం పుట్టిన పాత కాలేజీ, మార్టిన్ లూథర్ కింగ్ చదివిన చోటు. అక్కడ 2021లో కెమిస్ట్రీ, బయాలజీ, ప్రపంచ చరిత్ర క్లాసులను వర్చువల్ క్యాంపస్‌లో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పనికి ముందు నిలిచినవారిలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ డాక్టర్ ముహ్‌సినా మోరిస్ ఒకరు. ల్యాబులు మూతపడ్డ కాలంలో పిల్లల చదువు ఆగకూడదనే ఫికర్‌తో చేసిన పని అది. వెనకబడ్డ ఖౌమ్‌ల బిడ్డలకు ఈ సాధనం పనికిరాదని ఎవరైనా అంటే నేను ఈ మిసాల్ చూపిస్తాను.

ఇక మన దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు ఇందులో ఇప్పటికిప్పుడు, ముఫ్త్‌గా అందేది వర్చువల్ ల్యాబ్స్. కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఐఐటీలు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమృత విశ్వవిద్యాపీఠం లాంటి సంస్థలు కలిసి తయారు చేసినవి. ఇందులో అవతార్లు ఉండవు, పూర్తి దునియా కాదు. కానీ ల్యాబు ఉంటుంది. ముందు ప్రయోగం మక్సద్ చెబుతారు, తర్వాత థియరీ, చిన్న పరీక్ష, చేసే పద్ధతి, ఆ పైన తెర మీద ప్రయోగం, చివర మళ్లీ పరీక్ష.

మా చెల్లెలి కూతురు శ్రీకాకుళంలో బీఎస్సీ చదువుతోంది. కాలేజీ పేరు అనవసరం. అక్కడ ఒక్కో బ్యూరెట్‌కు నలుగురైదుగురు పిల్లలు. ముందు నిలబడ్డవాళ్లు చేస్తారు, వెనకున్నవాళ్లు రీడింగ్ రాసుకుంటారు. ఈ పిల్ల ఎప్పుడూ వెనకే. ఇంట్లో తెర మీద టైట్రేషన్ పదిసార్లు చేసింది. "మామూ, ఇక్కడ పగిలిపోతుందన్న డర్ లేదు" అంది. ఆ తర్వాతి వారం ల్యాబులో తానే ముందుకెళ్లి బ్యూరెట్ పట్టుకుంది. నాకు ఈ సాధనం మీద భరోసా కలిగింది అప్పుడే.

అయితే ఆ పిల్లే ఇంకో మాట కూడా చెప్పింది. తెర మీద క్లిక్ చేస్తే చుక్క పడుతుంది. నిజం బ్యూరెట్‌లో మూత కొద్దిగా ఎక్కువ తిరిగితే చాలు, లేత గులాబీ రంగు రావలసిన చోట ముదురు గులాబీ వచ్చేస్తుంది, మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. ఆ చెయ్యి కుదురు తెర నేర్పదు. రేపు మందుల కంపెనీలోనో, ఆస్పత్రి ల్యాబులోనో నౌక్రీ ఇచ్చేవాడు అడిగేది ఆ కుదురునే. పైడిభీమవరం ఫార్మా ఫ్యాక్టరీలు మన జిల్లాలోనే ఉన్నాయి. వాటి గేటు లోపలికి క్లిక్కులు తెలిసిన అమ్మాయి కాదు, చెయ్యి తిరిగిన అమ్మాయి వెళ్తుంది.

ఎచ్చెర్ల దగ్గరి ట్రిపుల్ ఐటీని చూడండి. ఆర్జీయూకేటీని 2008లో పెట్టినప్పుడు దాని బునియాదీ ఆలోచనే లాప్‌టాప్ మీద చదువు. పల్లెటూరి పదో తరగతి పిల్లలకు లాప్‌టాప్‌లిచ్చి, తెర మీద పాఠాలు చెప్పాలన్నది ఉద్దేశం. 2016లో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ మొదలైంది. ఇప్పుడది ఎస్.ఎం. పురంలో ఉంది. ఆ ఊరి పూర్తి పేరు షేర్ మహమ్మద్ పురం అని మనలోనే చాలామందికి యాద్ లేదు. తెర మీదే చదువు చెప్పాలనుకున్న ఆ యూనివర్సిటీ పిల్లలకు లాప్‌టాప్ ఇచ్చి ఇంటికి పొమ్మనలేదు. హాస్టల్ కట్టింది, మెస్ పెట్టింది, ఆడపిల్లలను, మగపిల్లలను క్యాంపస్‌లోనే ఉంచింది. ఎందుకంటారు? చదువులో సగం పక్క గది పిల్లతో గొడవపడి, మళ్లీ సులహ్ చేసుకుని, అర్ధరాత్రి లెక్క అడిగి నేర్చుకునేది కాబట్టి.

కానూన్ కూడా ఇదే చెబుతోంది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని సబ్జెక్టుల్లో 40 శాతం వరకు స్వయం పోర్టల్ ద్వారా ఆన్‌లైన్లో చదవడానికి కాలేజీ ఇజాజత్ ఇవ్వొచ్చు. అంటే రెగ్యులర్ డిగ్రీలో పెద్ద హిస్సా ఇప్పటికీ క్లాసు గదిదే.

ఇంకో ఫికర్ ఉంది. ఈ వర్చువల్ దునియాలన్నీ కిరాయి ఇళ్లు. మకాన్‌దార్ తలచుకుంటే సామాను బయట పెట్టేస్తాడు. 2010లో సెకండ్ లైఫ్ కంపెనీ విద్యాసంస్థలకు ఇచ్చే సగం ధర రాయితీని ఎత్తేస్తానంది. చాలా కాలేజీలు అక్కడినుంచి లేచిపోయాయి. మూడేళ్లకు రాయితీ తిరిగి ఇచ్చారు కానీ పాత రౌనక్ రాలేదు. మైక్రోసాఫ్ట్ కొన్న ఆల్ట్‌స్పేస్ 2023 మార్చిలో మూతపడింది. మొజిల్లా హబ్స్ సేవ 2024 మేలో ఆగింది. హబ్స్ విషయంలో ఒక మేలు జరిగింది. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి, కావలసినవాళ్లు సొంత సర్వర్ మీద నడుపుకోవచ్చు. మన యూనివర్సిటీలు రేపు ఇలాంటి క్యాంపస్ కట్టాలనుకుంటే ఈ సబక్ గుర్తుంచుకోవాలి. తాళంచెవి మన జేబులో ఉన్న ఇల్లే కట్టాలి.

కరెంటు సంగతి మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ దెబ్బకు ఉద్దానంలో కరెంటు స్తంభాలు, కొబ్బరి చెట్లు కలిసి నేలకొరిగాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుఫాను దారిలో బతికే ఇలాకాలో చదువంతా ఒక తీగ మీద వేలాడదీయకూడదు. తుఫాను లేని రోజుల్లో కూడా ఇంటికి ఒకటే మంచి ఫోన్ ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుంది? అబ్బా దుకాణానికి పట్టుకెళ్తారు, లేదంటే భాయ్‌జాన్ దగ్గర ఉంటుంది. అమ్మాయికి దొరికేది రాత్రి పదింటి తర్వాత, పది శాతం ఛార్జింగుతో. "ఇంట్లోనే చదువుకుంటుంది" అనేవాళ్లు ముందు ఈ హిసాబ్ చూడాలి.

ఇక జుబాన్. నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదివాను. అక్కడ యాసిడ్‌ని తుర్షా అన్నారు, బేస్‌ని అసాస్ అన్నారు. తెలుగు పుస్తకం పడితే ఆమ్లం, క్షారం అయ్యాయి. ఒకే సీసా, మూడు పేర్లు. ఇవాళ్టి వర్చువల్ ల్యాబుల్లో ఎక్కువగా నడిచేది ఇంగ్లిష్. ఉర్దూ మీడియం నుంచో, సర్కారు తెలుగు బడి నుంచో వచ్చిన పిల్లకు ఆ తెర ఎంత రంగులుగా ఉన్నా సగం గూంగాగానే ఉంటుంది. ఇది తీరని కష్టం కాదు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టేముందు, 1917లో, దారుల్ తర్జుమా తెరిచి సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తేవడం మొదలుపెట్టారు. కలం, సిరాలతో అంత పని జరిగింది. ఇప్పుడు ఇన్ని మషీన్లు చేతిలో పెట్టుకుని, ఒక ప్రయోగానికి తెలుగు గొంతు, ఉర్దూ గొంతు జోడించలేమంటే అది ఇరాదా లేకపోవడమే.

మన తాదాద్ గురించి కూడా మాట్లాడాలి. ఈ రెండు జిల్లాల్లో మనం జనాభాలో ఒక శాతం కూడా లేము. డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ రాష్ట్రానికి ఆ చివర, కర్నూలులో ఉంది. మన అమ్మాయి డిగ్రీ క్లాసులో చాలాసార్లు ఒక్కతే ముస్లిం. ఇక్కడే వర్చువల్ దునియా నిజంగా ఖిద్మత్ చేయగలదు. పలాసలో ఒకరు, బొబ్బిలిలో ఒకరు, పార్వతీపురంలో ఒకరు చదువుతున్న పిల్లలు వారానికి ఒక సాయంత్రం ఒకే గదిలో కూర్చోవచ్చు. సీనియర్ ఆపా ఒకరు కెమిస్ట్రీ చెప్పవచ్చు. నలుగురిలో నోరు విప్పడానికి జంకే పిల్ల అవతార్ చాటున మొదటి సవాల్ అడగవచ్చు. దీనికి వేలకు వేలు పోసే హెడ్‌సెట్ అక్కర్లేదు, మామూలు కంప్యూటర్ చాలు.

కానీ ఆ ఒక్కతే క్లాసులో కూర్చోవడానికి కూడా విలువ ఉంది. పక్క బెంచీ పిల్లకు ముస్లిం అంటే టీవీలో అరిచే చర్చ మాత్రమే తెలుసు. మన అమ్మాయి టిఫిన్ డబ్బా తెరిచి ఖీమా పంచినప్పుడు, ఆమె దగ్గర నోట్సు తీసుకున్నప్పుడు, ఆ పిల్లకు మనం పడోసీలం అవుతాం. ఏ అవతార్ కూడా ఈ పని చేయలేదు. మనవాళ్లు క్యాంపస్‌లో కనబడకపోతే మన గురించి ఇతరులు చెప్పేదే నిజమైపోతుంది.

కాబట్టి నా గుజారిష్ ఇది. తల్లిదండ్రులకు: అమ్మాయిని కాలేజీలో చేర్చండి, ఇంట్లో ఆమెకంటూ రోజుకు రెండు గంటలు ఫోనో కంప్యూటరో ఇవ్వండి. రెండూ కావాలి, ఒకటి ఇచ్చి ఇంకోటి లాక్కోవద్దు. మస్జిద్ కమిటీల పెద్దలకు: మొహల్లాలో ఒక గది, నాలుగు కంప్యూటర్లు, ఇన్వర్టర్, ఆడపిల్లలకు వేరే టైము. ఒక్క జల్సా ఖర్చు తగ్గిస్తే ఏడాది నడుస్తుంది. కాలేజీలకు: వర్చువల్ ల్యాబును నిజం ల్యాబుకు ముందు రియాజ్‌గా వాడండి, బ్యూరెట్లు కొనకుండా తప్పించుకోవడానికి వాడకండి. లెక్చరర్లకు: ప్రయోగం తెరిచిన మొదటి పది నిమిషాలు తెలుగులో చెప్పండి, పిల్లకు ధైర్యం వస్తుంది.

ఆ బట్టల దుకాణం పెద్దమనిషికీ, అలాంటి ప్రతి అబ్బాకీ నాదొక చిన్న సవాల్. కంప్యూటర్లో కాలేజీ వచ్చేసిందని మీ అబ్బాయిని కూడా ఇంట్లో కూర్చోబెట్టారా? లేదు కదా. వాడికి బస్ పాస్ కొన్నారు, వీలైతే బండీ కొన్నారు. వాడికి ఏ వజహ్‌తో కాలేజీ కావాలో, అమ్మాయికీ అదే వజహ్‌తో కావాలి. డిగ్రీ అడ్మిషన్లు మొదలైనప్పుడు ఆప్షన్ల ఫారం ముందు ఆమెనే కూర్చోబెట్టి, కాలేజీ పేరు ఆమె చేత్తోనే ఎంచుకోనివ్వండి.

ఖుదా హాఫిజ్.