పట్టు లేని జట్టు

ఏటిగట్టు తెగిన యేడు పైరెంత యేపుగా నున్నను గాదె నిండదని గోదావరి సీమ రైతునకు మేము చెప్పవలసిన పని లేదు. 1986 ఆగస్టు వరదలలో గట్లకు గండ్లు పడుట యెరిగినవారు రామచంద్రపురము ప్రాంతమున నేటికిని పలువురు కలరు. గట్టు విలువను గూర్చి యీ రైతున కున్నపాటి యెరుక, కోట్లు వెచ్చించి చెడుగుడు జట్టును నడుపు ధనికులకు లేకపోయెనే యని మా విచారము. మేము చెప్పునది తెలుగు టైటాన్సు జట్టును గూర్చి.

2014లో ప్రో కబడ్డీ లీగు పుట్టిననాటినుండి ఈ జట్టు తెలుగువారి పేరు పెట్టుకొని యాడుచున్నది. ఆటగాండ్రను వేలములో గొనుట ఆ లీగు పద్ధతి. 2023 అక్టోబరు వేలమునందు ఒక్కొక్క జట్టు వెచ్చింపదగిన మొత్తము 5 కోట్ల రూపాయలు. అందులో 2 కోట్ల 60 లక్షల 50 వేలను మనవారు పవన్ సెహ్రావత్ అను నొక్క కూతగానిపై బెట్టిరి. సగమునకు మించిన సొమ్ము ఒక్కనికి. మిగిలినది తక్కిన వారందరికి. ఫలితమేమి? 22 ఆటలలో గెలిచినవి 2. పండ్రెండు జట్లలో స్థానము పండ్రెండవది. సెహ్రావత్ సామర్థ్యమును శంకించువారము కాము. ఆ యేడే ఆసియా క్రీడలలో భారత జట్టునకు నాయకుడై స్వర్ణపతకము దెచ్చినవాడతడు. లోపము వానిది కాదు, కొన్నవారి లెక్కది.

అదే వేలములో పుణేరి పల్టన్ వారు 2 కోట్ల 35 లక్షలకు ఇరాను దేశీయుడగు మహమ్మద్ రెజా షాద్లూయిని గొనిరి. అతడు కూతకు బోగలిగినవాడే యైనను, ఎడమ మూలను గాచి పట్టుటయందే ప్రసిద్ధుడు. ఆ పోటీలో విజేతలు పుణేవారు. 2024లో హర్యానా స్టీలర్సు వారు 2 కోట్ల 7 లక్షలకు అతనిని గొనగా, విజయము హర్యానాను వరించెను.

ఇందలి మర్మము ఆటయొక్క ధర్మములోనే యున్నది. ఇరుపక్షములును వంతులవారీగా కూతకు బోవును గనుక, ఆటలో సగము కాపుదలయే. కూతగాడు చిక్కినచో గీత వెలుపల గూర్చుండవలెను. తనవారు ప్రత్యర్థిని బట్టినప్పుడో, తోడి కూతగాడు ఎదుటివారిని దాకి వచ్చినప్పుడో వానికి మరల ప్రవేశము కలుగును. పట్టు లేని జట్టులో రెండున్నర కోట్ల వీరుడు బల్లపై గూర్చుండి ఓటమిని జూచుచుండును. మరియు, ముగ్గురో అంతకు తక్కువో మిగిలియున్నప్పుడు ప్రత్యర్థిని బట్టినచో రెండు పాయింట్లు వచ్చును. ఓడుచున్న జట్టు లేచి నిలుచుటకు ఇంతకన్న దగ్గరి త్రోవ లేదు.

జనము వచ్చునది కూతగానిని జూచుటకే గదా యని జట్టుయజమాను లందురు. నిజమే. కాని ఏటేట ఓడు జట్టును జూడ జనమెన్నాళ్ళు వత్తురు? అట్లని ఒక్క పట్టువానిని గొన్నమాత్రమున గెలుపు చేకూరదు. 2025లో గుజరాత్ జెయింట్సు వారు అదే షాద్లూయిని 2 కోట్ల 23 లక్షలకు గొనియు తొలి యెనిమిది జట్లలో జేరలేకపోయిరి. మూల కాచువాడును వాని ప్రక్కవాడును చేయి చేయి పట్టి కదలుదురు. ఒకడు తొందరపడిన నిద్దరును బోవుదురు. ఈ పొందిక యేండ్ల తరబడి కలిసి యాడుటవలన వచ్చునే గాని వేలపు సుత్తి దెబ్బతో రాదు.

మన జట్టువారికి ఈ పాఠము కొంత యబ్బినట్లున్నది. 2025 వేలములో కోటి దాటినవారు పదుగురు కాగా, అందులో మనవారు గొన్నవాడొక్కడును లేడు. సెహ్రావత్‌ను విడిచిరి, శుభం షిండే వంటి పట్టువారిని జేర్చుకొనిరి, విజయ్ మాలిక్ నాయకత్వమున రెండవ క్వాలిఫయరు వరకు బోయి పుణేవారి చేత నోడిరి. ఒక్కనిపై సొమ్ము కుమ్మరింపకయే అట్టడుగునుండి అంతవరకు ఎగబ్రాకుట చిన్న సంగతి కాదు.

ఇక మా యసలు మాట. తెలుగు పేరుగల యీ జట్టులో తెలుగుబిడ్డలు కొలదిమందియే. కోట్ల వెల పలుకు కూతగాండ్రకై ఇతరులతో పోటీపడుట కంటె, పట్టువారిని ఇంటనే పెంచుకొనుట చౌక, శాశ్వతము. కోతలైన పిమ్మట మన యూళ్ళలో చేలకు కొదువ లేదు. సంక్రాంతికి చెడుగుడు పందెములకును కొదువ లేదు. కాని చప్పట్లన్నియు కూతగానికే. పిల్లలందరును కూతకే యెగబడుచుండ, మూల కాచువాడెట్లు పుట్టును? పందెములు పెట్టు పెద్దలు ఉత్తమ కూతగానికిచ్చు బహుమానముతో సరిసమానముగ ఉత్తమ పట్టువానికిని ఇయ్యవలెను. పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు మూలవానిని, ప్రక్కవానిని జంటగా తర్ఫీదు చేయవలెను. జట్టుయజమానులు వేలపు గదినుండి వెలికి వచ్చి ఈ చేలలోనికి దిగవలెను.

గట్టు వేయువాని పేరు పంటనాడు ఎవరును దలపరు. కాని వాడు లేనినాడు పంటయే లేదు.