కొత్త ర్యాప్ ఆల్బమ్: గొంతు సొంతమా, అంతా అరువేనా?

కొత్త ర్యాప్ ఆల్బమ్ ఏది వచ్చినా రెండ్రోజుల్లో మన దగ్గర రెండు పార్టీలు తయారవుతాయి. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగే కుర్రాళ్లైనా, మహబూబ్‌నగర్‌లో కాలేజీ వదిలాక ఒకే ఫోన్ చుట్టూ మూగే పిల్లలైనా ఇదే గొడవ. ఒక పార్టీ "ఇట్లాంటిది ముందెన్నడూ రాలేదు భాయ్" అంటుంది. ఇంకో పార్టీ "బీటు అమెరికాది, స్టైల్ ముంబైది, ఇందులో మనోడిది ఏముంది?" అని కొట్టిపారేస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా పిల్లల కాలక్షేపంలా కనిపించొచ్చు. కానీ మన ఇళ్లలోనే పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలు ఫోన్లో పాటలు రాసుకుంటున్నారు. "కాపీ" అనే ఒక్క మాటతో వాళ్లలో ఒకడి నోరు మూతపడొచ్చు. "కొత్త" అనే ఒక్క మాటతో ఇంకొకడు వేరేవాళ్ల కష్టాన్ని తన పేరు మీద అమ్ముకోవచ్చు. అందుకే ఏది కొత్త, ఏది కాపీ అని తేల్చడానికి ఒక సరైన కొలత కావాలి.

ఒక మాట ముందే చెప్పాలి. సంగీతం జాయిజా కాదా అనేది వేరే మసలా. మన చాలా ఇళ్లలో అసలు పాటే మోగదు, ఇంకొన్ని ఇళ్లలో ఖవ్వాలీ దాకా ఫర్వాలేదంటారు. ఆ ఫైసలా ఉలమాలది. ఇక్కడ చూసేది పాటలో కొత్తదనం, నిజాయితీ ఎంత అన్నదే.

పుట్టిందే అరువు మీద

ర్యాప్ వచ్చిన హిప్-హాప్ పుట్టుకే అరువుతో మొదలైంది. 1973 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ అనే జమైకా కుర్రాడు ఒక పార్టీలో పాత రికార్డులు వేశాడు. పాట మధ్యలో డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కను రెండు టర్న్ టేబుళ్ల మీద మళ్లీ మళ్లీ తిప్పి పొడవు చేశాడు. రికార్డులు వేరేవాళ్లవి, తిప్పిన పద్ధతి మాత్రం అతనిది. 1979లో ర్యాప్‌ను ఇంటింటికీ చేర్చిన 'రాపర్స్ డిలైట్' కూడా షిక్ అనే బ్యాండ్ 'గుడ్ టైమ్స్' పాట మీద నిలబడిందే. ఆ బ్యాండ్ వాళ్లు అభ్యంతరం చెప్పాక, వాళ్ల పేర్లు కూడా రచయితల్లో చేర్చాల్సి వచ్చింది.

1991లో లెక్క ఇంకా గట్టిగా తేలింది. బిజ్ మార్కీ అనే రాపర్ అనుమతి లేకుండా గిల్బర్ట్ ఓ సల్లివన్ పాట ముక్కను వాడుకున్నాడు. న్యూయార్క్ కోర్టు అది తప్పని తేల్చింది. అప్పటినుంచి పాట ముక్క వాడాలంటే ముందు అడగాలి, డబ్బు కట్టాలి అనేది అక్కడి కంపెనీలకు రివాజు అయిపోయింది. అంటే అరువు ఆగలేదు, అరువుకు రసీదు వచ్చింది.

ముషాయిరా నేర్పిన లెక్క

ఈ రసీదు పద్ధతి మనకు కొత్త కాదు. ఉర్దూ షాయరీ తెలిసిన పెద్దలకు తరహీ ముషాయిరా గుర్తుండే ఉంటుంది. నిర్వాహకులు ఒక మిస్రా ఇస్తారు. షాయర్లందరూ అదే బహర్‌లో, అదే ఖాఫియా రదీఫ్‌తో ఘజల్ రాసుకొస్తారు. 'జమీన్' అందరికీ ఒకటే. అయినా "ఇతను కాపీ కొట్టాడు" అని ఎవరూ అనరు. ఆ జమీన్ మీద ఎవరు ఏ పంట పండించారో చూసి వాహ్ వా అంటారు. తెలుగు అవధానంలో సమస్యాపూరణం కూడా ఇట్లాంటిదే. చివరి పాదం పృచ్ఛకుడిది, మిగతా పద్యం అవధానిది.

ఇంకా ముఖ్యమైన సంగతేంటంటే, అరువులో ఉన్న తేడాలకు ఉర్దూలో మూడు వేర్వేరు మాటలున్నాయి. వేరే షాయర్ మిస్రాను ఆయనదేనని తెలిసేలా తీసుకుని దాని మీద కట్టుకుంటూ పోతే తజ్మీన్. ఇద్దరికీ ఒకరికి తెలియకుండా ఒకరికి ఒకే ఊహ వస్తే తవారుద్. చెప్పకుండా ఎత్తేస్తే సర్ఖా, అంటే దొంగతనం. ఇవాళ ర్యాప్ మీద వాదించేవాళ్లు ఈ మూడింటినీ కలిపి "కాపీ" అనే ఒకే సంచిలో వేస్తున్నారు. గొడవ తెగకపోవడానికి సగం కారణం అదే.

'మియా భాయ్'లో కొత్తది ఎంత?

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదీ రుహాన్ అర్షద్ పాడిన 'మియా భాయ్'. 2019లో టిక్‌టాక్, యూట్యూబ్‌లను ఊపేసిన పాట అది. కోట్లల్లో వ్యూస్ వచ్చాయి. పెళ్లి బారాత్‌ల దాకా వెళ్లింది. అదే ఏడాది ఫిబ్రవరిలో 'గల్లీ బాయ్' సినిమా వచ్చింది. ముంబై రాపర్లు నేజీ, డివైన్ జీవితాల స్ఫూర్తితో తీసిన సినిమా అది. కుర్లాకు చెందిన నేజీ 2014లోనే 'ఆఫత్' పాటను ఐప్యాడ్ మీద రికార్డు చేసి, దాంతోనే వీడియో తీసి వదిలాడు. గల్లీ నుంచి, సొంత జబాన్‌లో ర్యాప్ చేయడం అనే దారి అప్పటికే ముంబైలో పడి ఉంది.

అందుకే "మియా భాయ్ ముంబైకి నకలు" అన్నవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. బీటు అప్పటికే చెవులకు అలవాటైన పార్టీ బీటు. విషయం కూడా ర్యాప్‌లో అతి పాతదే: నేను ఇంత, మా వాళ్లు ఇంత అని గొప్పలు చెప్పుకోవడం.

మరి కొత్తది ఏంటి? జబాన్. దక్ఖనీని సినిమాలు ఎంతకాలంగానో నవ్వించడానికే వాడుకున్నాయి. హిందీలో మెహమూద్ దగ్గరి నుంచి హైదరాబాదీ సినిమా 'అంగ్రేజ్' దాకా 'నక్కో', 'హౌ' వినపడితే జనం ముందే నవ్వడానికి రెడీ అయ్యేవాళ్లు. మన తెలుగు సినిమాల్లోనూ ఆ మాట ఎక్కువగా కామెడీ పాత్రల నోట్లోనే ఉండేది. 'మియా భాయ్' అదే జబాన్‌తో తల ఎత్తి మాట్లాడింది. నల్గొండ, మహబూబ్‌నగర్ పిల్లలకు ఆ పాట అంతగా పట్టుకోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. ఇంట్లో అమ్మీతో మాట్లాడే మాట స్పీకర్లో దర్జాగా వినిపించింది.

కాబట్టి నా లెక్కలో ఆ పాట గొంతులో కొత్తది, సరుకులో పాతది. గొంతు దొరికాక దాంతో ఏం చెప్పాలి అనే ప్రశ్న దగ్గర అది ఆగిపోయింది. రుహాన్ అర్షద్ దీనీ కారణాలు చెప్పి 2022లో సంగీతం వదిలేస్తున్నట్టు ప్రకటించాడు. అది ఆయన సొంత నిర్ణయం, దాన్ని గౌరవించాల్సిందే. కానీ ఆయన వదిలిన ఖాళీలోకి వచ్చిన చాలా పాటలు ఆ జబాన్‌ను వదిలేసి కేవలం ఆ గొప్పలనే పట్టుకున్నాయి. అసలైన నకలు ఇదీ.

బీటు అద్దె, పేరు బాకీ

ఇక డబ్బు లెక్కకు వద్దాం. రెండు పాటల్లో ఒకే బీటు వినపడగానే కామెంట్లలో "దొంగ" అని రాసేస్తారు. కానీ ఇవాళ బీట్లు ఆన్‌లైన్‌లో లీజుకు దొరుకుతాయి. మామూలు లీజు అయితే అదే బీటును అమ్మినతను ఇంకో పదిమందికి కూడా ఇవ్వొచ్చు. ఎక్కువ డబ్బు పెట్టి పూర్తి హక్కులు కొంటేనే అది ఒక్కరిది అవుతుంది. అద్దె షట్టర్ లాంటిదే ఇది. నిన్న అందులో బట్టల కొట్టు ఉండొచ్చు, ఇవాళ మొబైల్ షాప్ ఉండొచ్చు. షట్టర్ ఒకటే అయినంత మాత్రాన సరుకు దొంగది కాదు. అయితే అద్దె కట్టాలి, బోర్డు మీద అబద్ధం రాయొద్దు.

మన చట్టం కూడా దాదాపు ఇట్లాగే ఆలోచిస్తుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ పునాది: ఊహ మీద ఎవరికీ కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుంది. రెండూ చూసిన మామూలు మనిషికి "ఇది అదే" అని స్పష్టంగా అనిపిస్తే అది కాపీ. "పేదోడి గల్లీ గురించి ర్యాప్" అనే ఊహ అందరిదీ. నీ ట్యూన్, నీ వరుసలు మాత్రం నీవి. 2008లో 'క్రేజీ 4' సినిమా పాటల్లో తన ట్యూన్ వాడారని సంగీత దర్శకుడు రామ్ సంపత్ బాంబే హైకోర్టుకు వెళ్తే, నిర్మాతలు 2 కోట్ల రూపాయలు ఇచ్చి రాజీ చేసుకోవాల్సి వచ్చింది.

2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ పాట రాసినవాళ్లకు, ట్యూన్ కట్టినవాళ్లకు రాయల్టీ హక్కు ఇచ్చింది. వాళ్లు సంతకం పెట్టినా ఆ హక్కును కంపెనీ లాగేసుకోలేదు. ర్యాప్ రాసే పిల్లలు బీటు వెతకడానికి పెట్టే టైంలో పదో వంతు దీన్ని చదవడానికి పెడితే బాగుంటుంది.

పాలమూరు కిన్నెర చెప్పే పాఠం

చట్టం దగ్గర జవాబు లేని చోటు కూడా ఒకటుంది. అది జానపదం. ఎవరు కట్టారో తెలియని పాత పాటకు కాపీరైట్ ఉండదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు పాడుతూ వచ్చారు. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట ఆయన గొంతుతో మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ దగ్గర కూలి పనికి వెళ్తున్నాడని పత్రికల్లో ఫొటోలతో వార్తలు వచ్చాయి.

ఇవాళ "ఫోక్ ర్యాప్", "మట్టి బీట్" అని పోస్టర్ మీద వేసుకునే ప్రతి ఆల్బమ్ దగ్గరా ఇది గుర్తు చేసుకోవాలి. కిన్నెర శబ్దం, డప్పు దరువు కంప్యూటర్లో ముక్కలుగా పెట్టుకోవడం చాలా తేలిక. ఆ ముక్క వాయించిన మనిషి పేరు ఎక్కడుంది? ఆయనకు ఎంత ముట్టింది? పాటకు కాపీరైట్ లేకపోయినా, పాడిన మనిషి రికార్డింగ్ మీద ఆయనకు కళాకారుడిగా చట్టంలో హక్కు ఉంది. ఊరి గొంతును తీసుకుని ఊరి పేరు మింగేసే ఆల్బమ్ ఎంత కొత్తగా మోగినా అది సర్ఖానే.

పాత రూపం, కొత్త మాట

దీనికి పూర్తి వ్యతిరేకంగా, పాత రూపం తీసుకుని నిజంగా కొత్తది చేసినవాళ్లు మనకున్నారు. నల్గొండ బిడ్డ సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల రూపాన్ని తీసుకుని అందులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని నింపారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను కనిపెట్టలేదు. అది అప్పటికే ఉంది. కానీ ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి పాత వీరగాథలతో పాటు ఆనాటి కరువును, అన్యాయాన్ని కూడా అందులో వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ తెలుగు ముస్లిం కళాకారుడిని ఎవరైనా "డెరివేటివ్" అంటారా?

మన రెండు జిల్లాల ఊళ్లలో పీర్ల పండుగకు అలావా చుట్టూ డప్పు దరువు మీద ఒకరు అందుకుంటే పదిమంది తిరిగి పలికే తెలుగు పాటలున్నాయి. ఆ ఆచారం మీద మనలో అభ్యంతరాలున్న మాట నిజమే. కానీ దరువు మీద మాట నడపడం ఈ మట్టికి అమెరికా నుంచి రాలేదని చెప్పడానికి అవి సాక్ష్యం.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. "నల్గొండల ర్యాప్ ఏంది?" అని నవ్వేవాళ్లకు కూడా జవాబు అట్లాగే ఇవ్వాలి, పనితో.

ఆ పనికి సరుకు కొదవ లేదు. గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన పాలమూరు లేబర్ కథ ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన ఎముకల కథ ఉంది. ఇంట్లో దక్ఖనీ, బడిలో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీష్ మాట్లాడుతూ పెరిగిన మన పిల్లల నాలుక ఉంది. ఒకే వరుసలో తెలుగు, దక్ఖనీ సహజంగా కలిసి నడిస్తే దాన్ని ముంబై వాడు రాయలేడు, న్యూయార్క్ వాడు అసలే రాయలేడు.

కాబట్టి ఈసారి కొత్త ఆల్బమ్ రాగానే మూడు ప్రశ్నలు అడిగి చూడండి. తీసుకున్నది ఎవరి దగ్గరో చెప్పారా? వాళ్లకు ముట్టాల్సింది ముట్టిందా? బీటు ఆపేసి మాటలు మాత్రమే చదివితే, ఈ ఊరి మనిషి తప్ప ఇంకెవరూ రాయలేని వరుస కనీసం ఒక్కటైనా ఉందా? మొదటి రెండింటికీ లేదంటే అది కాపీ కన్నా చెడ్డది. మూడోదానికి ఉందంటే మాత్రం, బీటు ఎక్కడిదైనా సరే, ఆ పిల్లవాడిని కాపీ అని కూర్చోబెట్టకండి. ఇంకోటి రాయమనండి.