చల్లగాలి వెల ఎవరు చెల్లించాలి?

ఎండలు ముదిరినవంటే పాతబస్తీలోని మెకానిక్ దుకాణాల ముందు ఒకే ప్రశ్న వినబడుతుంది. కారు నడుస్తున్నది, ఇంజను బాగానే ఉన్నది, కాని ఏ.సి. చల్లబరచడం లేదు. మరమ్మతుకు వేలకు వేలు అడుగుతున్నారు. చేయించవలెనా, మానవలెనా? ఇది సంపన్నుల షోకుకు సంబంధించిన ప్రశ్న, కళాశాల సంచికలో దీనికేమి పని అని కొందరు అనుకొనవచ్చును. మేము అట్లా భావించడం లేదు. తండ్రియో, అన్నయో క్యాబు నడిపి సంపాదించిన డబ్బుతో మన కళాశాలకు వచ్చే విద్యార్థులు తక్కువమంది కారు. ఆ ఇళ్ళలో ఈ మరమ్మతు బిల్లుకు కాలేజీ ఫీజుతోను, ఇంటి అద్దెతోను ముడి ఉన్నది.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలసి ఉన్నది. ఏ.సి.లోని గ్యాసు పెట్రోలువలె కరిగిపోయే పదార్థం కాదు. అది మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. ఇంజను బెల్టుతో నడిచే కంప్రెసరు దానిని ఒత్తుతుంది. రేడియేటరు ముందున్న కండెన్సరులో అది తన వేడిని బయటికి విడుస్తుంది. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగు కాయిల్‌లో మన గాలిలోని వేడిని పీల్చుకొంటుంది. గ్యాసు తగ్గినదంటే ఎక్కడో కారినదని అర్థం. ఇంటిలోని ఫ్రిజ్ కంప్రెసరు పూర్తిగా మూసిన డబ్బా. కారు కంప్రెసరు అట్లా కాదు, దాని ఇరుసు బయటికి వస్తుంది, గొట్టాలలో కొన్ని రబ్బరువి, అతుకుల వద్ద రబ్బరు రింగులు ఉంటవి. కనుక సంవత్సరాలు గడిచేకొద్దీ కొంత కారడం సహజమే. కాని ప్రతి వేసవిలోను 'గ్యాసు నింపితే చాలు సాబ్' అనే మాటకు తల ఊపి డబ్బు ఇచ్చి రావడం పొదుపు కాదు. కంప్రెసరుకు కావలసిన నూనె ఆ గ్యాసుతో కలిసియే తిరుగుతుంది. గ్యాసు తగ్గితే నూనె అందదు. నూనె అందకపోతే కంప్రెసరు పట్టుకొనిపోతుంది. దాని లోహపు పొడి గొట్టాలలోనికి, కండెన్సరులోనికి చేరుతుంది. చిన్న రింగుతో పోవలసిన ఖర్చు అప్పుడు సగం ఏ.సి. మార్చేంతవరకు పోతుంది. నత్రజని ఒత్తిడి పెట్టి లీకు ఎక్కడున్నదో చూపించిన ఉస్తాదుకే డబ్బు ఇవ్వాలి. పైగా నేటికీ అనేక కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాసు ఓజోను పొరకు హాని చేయదు కాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కారే గొట్టంలో దానిని నింపడమంటే ఆకాశంలోనికి వదలడమే.

ఇక లెక్క. లక్షన్నర విలువ చేసే పాత కారుకు 30,000 రూపాయల మరమ్మతు పడినదనుకొందాము. కారు ధరలో అయిదవ వంతు అనగానే గుండె గుభేలుమంటుంది. కాని కారు ధరతో పోల్చడం సరికాదని మా అభిప్రాయం. ఆ డబ్బుతో మనము కొనేది కొన్ని వేసవులను. మార్చి నడుమ నుండి జూన్ నడుమ వరకు సుమారు 90 రోజులు. పని మూడేళ్ళు నిలిస్తే 270 రోజులు. దినానికి 111 రూపాయలు. ఇంధనం అదనం. ప్రతిదినం మధ్యాహ్నపు ఎండలో వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తిప్పే ఇంటికి ఇది దండుగ కాదు. 1966 జూన్ 2న ఈ నగరంలో 45.5 డిగ్రీల వేడి నమోదైనది. అంతటి ఎండ అరుదే కాని, గాలి ఒంటి వేడిని మించినప్పుడు తెరచిన అద్దంలోనుండి వచ్చేది వడగాలియే. మదీనా చౌరస్తా నుండి చార్మినార్ వైపు బండ్లు నిలిచిపోయినప్పుడు ఆ గాలి కూడ ఉండదు, ముందున్న ఆటోల పొగ మాత్రమే. వట్టివేళ్ళ తడికలు తడిపి చల్లబడిన పెద్దల దేవిడీలను తలచుకొని నిట్టూర్చి లాభం లేదు; తడికలను కారుకు కట్టలేము.

అదే కారు ఆదివారం మాత్రమే బయటికి వచ్చేదైతే? మూడు వేసవులలో 39 ఆదివారాలు. ఒక్కొక్క దానికి దాదాపు 770 రూపాయలు. అట్టివారు అద్దాలు దించుకొని ఉదయమో, సాయంత్రమో బయలుదేరడం మేలు. పరువు కొరకు మరమ్మతు చేయించడం, ఏ.సి. చెడిపోయినా అద్దాలు ఎక్కించుకొని షాదీఖానా ముందు చెమటలో తడిసి దిగడం - ఈ రెండూ ఒకే జబ్బు.

క్యాబు నడిపేవానికి ఈ లెక్క పనికిరాదు. వ్యాపారంలో మరమ్మతు పెట్టుబడియే కదా అని మా వాణిజ్యశాస్త్ర మిత్రులు అంటారు. పెట్టుబడి తిరిగి రావాలంటే ధర నిర్ణయించే హక్కు ఉండాలి. 2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ హైదరాబాదులో 'నో ఏ.సి.' ఉద్యమం నడిపినది. ఏ.సి. వేసి నడిపితే కిలోమీటరుకు 16 నుండి 18 రూపాయల ఖర్చు అవుతున్నదని, తమ చేతికి 10 నుండి 12 రూపాయలే అందుతున్నవని ఆ సంఘం చెప్పినది. ఆ లెక్కన కిలోమీటరుకు కనీసం 4 రూపాయలు చేతినుండి పోతున్నవి. 2022లో ఇంధనం ధరలు పెరిగినప్పుడు కూడ ఇట్టి ఉద్యమమే సాగినది. 30,000 పెట్టి ఏ.సి. బాగు చేయించిన డ్రైవరు దానిని వేసిన ప్రతిసారీ నష్టపోతే, ఆ మరమ్మతు వలన అతనికి మిగిలినదేమి? చేయించకపోతే నక్షత్రాలు తగ్గుతవి, ఫిర్యాదు పడుతుంది. ప్రయాణికుడు ఆ వేడిలో కూర్చునేది అరగంట. డ్రైవరు పది గంటలు. ఏ.సి. అవసరం ఎవరికి ఎక్కువ? అయినా దానిని ముందుగా కట్టేసేది అతడే.

చల్లగాలి అడిగే హక్కు ప్రయాణికునికి లేదని మేము అనడం లేదు. అడిగినవాడు దాని వెల చెల్లించాలి అంటున్నాము; ఆ వెల కిరాయిలో విడిగా కనబడాలి, మరమ్మతు భారం కూడ అందులో చేరాలి. కిరాయి కంపెనీల చేతిలో ఉన్నంతవరకు ఇది మన ఒక్కరివల్ల తేలేది కాదు. అయితే మన చేతిలో ఉన్నదొకటి కలదు. పరీక్షకులను, వార్షికోత్సవ అతిథులను స్టేషను నుండి, శంషాబాదు విమానాశ్రయం నుండి తీసుకొనివచ్చుటకు మన కళాశాల బండ్లు మాట్లాడుతున్నది. కమిటీ పెద్దలు వచ్చే మార్చిలోపల కిరాయి కాగితంలో ఏ.సి.తో ఇంత, ఏ.సి. లేకుండ ఇంత అని రెండు రేట్లు వ్రాయించాలి. మొదటి రేటు ఎంత ఉండాలో బండి నడిపేవారిని పిలిచి అడగాలి. వారిని వెతకనక్కర లేదు. హాజరు పట్టీ చూచి నాలుగు ఇళ్ళకు కబురు పంపితే చాలును.