రూల్ తెలుసు... నోటికే రాదు!

ఫైనలియర్‌లో నా మొదటి ఇంటర్వ్యూ. అంతకుముందు రాత పరీక్షలో గ్రామర్ బిట్లు బాగానే చేశా. తీరా ‘మీరేమైనా అడుగుతారా?’ అనగానే నా నోటి నుంచి వచ్చిన మాట... ‘డిడ్ యూ వర్క్‌డ్ ఆన్ దిస్?’. డిడ్ తర్వాత పాస్ట్ టెన్స్ రాదని నాకు తెలుసు. తెలియనిది నాలుకకే!

ఈ తప్పు వెనక మన తెలుగే ఉంది. ‘వెళ్లావా?’ అని అడిగినప్పుడు జరిగిపోయిన కాలం క్రియలోనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అది ‘డిడ్’లోకి వెళ్లిపోయి, ‘గో’ మాత్రమే మిగులుతుంది. ‘రెండేళ్లుగా చేస్తున్నా’ అన్నది ‘ఐ యామ్ డూయింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అయిపోవడమూ ఇలాంటిదే. ‘హ్యావ్ బీన్ డూయింగ్... ఫర్ టూ ఇయర్స్’ అనాలి. రూల్ ఇంకోసారి చదివితే ఈ అలవాటు పోదు, మాట్లాడితేనే పోతుంది.

సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కోసం ఏపీ 2019లో జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23లో మొదలుపెట్టింది. చర్చంతా మీడియం చుట్టూనే. క్లాసులో పిల్లలు ఎంతసేపు మాట్లాడుతున్నారన్నది ఎవరూ పెద్దగా అడగలేదు. లెక్క చూడండి. 60 మంది, 50 నిమిషాల పీరియడ్. సార్ నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి నిమిషం కూడా రాదు. అదే ఐదుగురేసి జట్లయితే తలా పది నిమిషాలు! గ్రామర్ ఆటల అసలు బలం ఇదే. మారియో రిన్‌వొలుక్రి ‘గ్రామర్ గేమ్స్’ పుస్తకం 1984లోనే వచ్చింది. మన క్లాసులు మాత్రం ఇంకా ‘ఖాళీలు పూరించుము’ దగ్గరే ఉన్నాయి.

ప్లేస్‌మెంట్స్ ముందు హాస్టల్ గదిలోనే రెండు ఆటలు ఆడొచ్చు.

వాక్యాల వేలం: ఐపీఎల్ వేలంలాగే. ఒకరు పది వాక్యాలు రాయాలి, అందులో కొన్ని తప్పులుండాలి. ప్రతి జట్టుకూ ఉత్తుత్తి వెయ్యి రూపాయలు. కరెక్ట్ వాక్యాలే కొనాలి, ఎందుకు కరెక్టో చెప్పాలి. తప్పు వాక్యం కొంటే డబ్బు పోయినట్టే.

రెండు నిజాలు, ఒక అబద్ధం: నిన్న చేసినవి మూడు చెప్పండి, ఒకటి అబద్ధం. మిగతావాళ్లు ‘డిడ్ యూ...’ ప్రశ్నలతోనే దాన్ని పట్టుకోవాలి. పావుగంటలో ఆ ప్రశ్న ఇరవై సార్లైనా నోట్లో తిరుగుతుంది.

ఒక హెచ్చరిక. రూల్ తెలియకుండా ఆడితే తప్పులే గట్టిపడతాయి. కాబట్టి ముందు రూల్ చూసుకోండి. ఆట మధ్యలో ఎవర్నీ ఆపి దిద్దొద్దు. ఒకరు తప్పులు నోట్ చేసుకుని, చివరి ఐదు నిమిషాల్లో అందరూ కలిసి సరిచేసుకోండి. బాగా మాట్లాడేవాడే అంతా లాగేసుకోకుండా వంతులు పెట్టుకోండి.

నలుగురు ఫ్రెండ్స్ ముందు తప్పు మాట్లాడితే కాసేపు నవ్వుకుంటారు, అంతే. ఆ తప్పేదో ఈ రాత్రి గదిలోనే చేసేయండి.